మెలికల ముగ్గు ఒకే గీతలో మూసుకోవాలంటే చుక్కలు ఎన్ని పెట్టాలి?

నెమలికన్ను
నెలగంట పెట్టేశారు కాబట్టి ఈ ప్రశ్నకు ఇదే అదను. మెలికల ముగ్గు, 5 వరసలు, వరసకు 5 చుక్కలు. చుక్కల చుట్టూ తిప్పుకుంటూ పోతే గీత మధ్యలోనే మొదటి చోటికి వచ్చి మూసుకుంటుంది. మిగతావి వేరేగా మొదలుపెట్టాలి, మొత్తం 5 గీతలవుతాయి. అదే 4 వరసలు, 5 చుక్కలైతే ఒక్క గీతలోనే అంతా అయిపోతుంది. 4×6కు రెండు గీతలు. దీని వెనక సూత్రమేమిటి? 15×15 ఒకే గీతలో రావాలి, నాలుగు వైపుల నుంచి చూసినా ఒకేలా ఉండాలి. కుదురుతుందా?

గసాభా
కుదురుతుంది. ముందు సూత్రం. వరసల సంఖ్యకూ వరసలోని చుక్కల సంఖ్యకూ గ.సా.భా. (రెండిటినీ శేషం లేకుండా భాగించే అతిపెద్ద సంఖ్య) ఎంతో, గీతలు అన్ని. 4, 5కు 1. 4, 6కు 2. 5, 5కు 5. 6×9 పెడితే 3 వస్తాయి, 8×13 పెడితే 1.

ఎందుకంటే: పక్కపక్క చుక్కల నడిమధ్యన గీతలు ఒకదాన్నొకటి దాటుతాయి కదా, ఆ చోటును కత్తెర అందాం. ఒక కత్తెర నుంచి పక్క కత్తెరకు పోయే వాలు గీత ఒక ముక్క. ఒక్కో చుక్క చుట్టూ 4 ముక్కలుంటాయి. ముక్క ముక్కకూ గీత అర చుక్క దూరం అడ్డంగా, అర చుక్క దూరం నిలువుగా జరుగుతుంది. 5 చుక్కల వెడల్పులో ఈ చివరి నుంచి ఆ చివరికి పోయి వెనక్కి రావడానికి 20 ముక్కలు, 4 చుక్కల ఎత్తులో పైకి పోయి కిందికి రావడానికి 16. రెండూ కలిసి మొదటికి రావాలంటే ఆ రెండిటి క.సా.గు. (రెండూ శేషం లేకుండా భాగించే అతిచిన్న సంఖ్య), అంటే 80 ముక్కలు నడవాలి. 4×5లో ఉన్న 20 చుక్కలకు ముక్కలు మొత్తం 80. అంటే ఒక్క గీతే అన్నిటినీ తినేసింది. 5×5లో ముక్కలు 100, కానీ గీత 20కే మూసుకుంటుంది. అందుకే 5 గీతలు, అయిదూ సమానమైన పొడవు.

సమాన భుజాల చతురస్రంలో భుజం ఎంతో గీతలు అన్ని వస్తాయి. 15×15కు 15. ఏ మార్పూ లేకుండా ఒకే గీత కావాలంటే 14×15 పెట్టండి, పక్కపక్క సంఖ్యల గ.సా.భా. ఎప్పుడూ 1. కానీ నాలుగు వైపులా ఒకేలా ఉండదు.

తెనాలి తీగ
15×15ను వదులుకోనక్కర్లేదు. కత్తెర ఉన్నచోట గీతలు దాటకుండా, ఎవరి చుక్క వైపు వాళ్ళు వంగి వెనక్కి పోయేలా చేస్తే సరి. దాన్ని అడ్డు అందాం. రెండు వేరు వేరు గీతలు కలిసే కత్తెర దగ్గర అడ్డు వేస్తే ఆ రెండూ ఒకటైపోతాయి, ఇది తప్పదు. కాబట్టి 5×5లో 5 గీతలుంటే 4 అడ్డులు చాలు. నాలుగు వైపులా ఒక్కొక్కటి వేస్తే ముగ్గు అందమూ చెడదు.

గసాభా
తెనాలి తీగ గారూ, మొదటి మాట నిజం, చివరిది కాదు. నాలుగు వైపులా ఒకేలా వేసిన 4 అడ్డులతో 5×5 ఒక గీత కాదు.

కాగితం మీద 5 గీతలకు 5 రంగులు వేసి చూడండి. ఒక్కో గీతా ఒరిగిన దీర్ఘచతురస్రం. ముగ్గును సగం తిప్పితే, అంటే పైది కిందికి తెస్తే, ప్రతి గీతా మళ్ళీ తన మీదే కూర్చుంటుంది. అంటే పైన ఎరుపు, నీలం కలిసే చోట అడ్డు వేస్తే దానికి ఎదురుగా కింద వేసే అడ్డు కూడా ఎరుపు, నీలం మీదే పడుతుంది. 4 అడ్డులు వేసినా కలిసేవి రెండు జతలే, గీతలు 3 కంటే తగ్గవు. పైగా ఇప్పటికే ఒకటైన గీత మీద రెండో అడ్డు పడితే అది మళ్ళీ రెండుగా విడిపోవచ్చు. అందం పట్టించుకోకపోతే 4 చాలు, రంగులు చూసుకుంటూ ఎక్కడ పడితే అక్కడ వెయ్యొచ్చు.

నెమలికన్ను
మరి నాలుగు వైపులా ఒకేలా రావాలంటే ఎక్కడెక్కడ వెయ్యాలి? పై నుంచి ఎన్నో వరస, ఎడమ నుంచి ఎన్నో చుక్క అని చెబితే మేలు.

గసాభా
తలకిందులుగా ఆలోచిస్తే తేలిక. మొత్తం కత్తెరలతో మొదలుపెట్టి అడ్డులు వెయ్యడం కాకుండా, ముగ్గును ముందే ముక్కలుగా విడదీసి, ఆ ముక్కలను కలపండి.

5×5లో నడి చుక్క ఒకటి. మిగిలిన 24 చుక్కలు దాని చుట్టూ గాలిమర రెక్కల్లా నాలుగు 2×3 దీర్ఘచతురస్రాలు. పై రెక్క: 1, 2 వరసల్లో 1 నుంచి 3 చుక్కలు. కుడి రెక్క: 1 నుంచి 3 వరసల్లో 4, 5 చుక్కలు. కింది రెక్క: 4, 5 వరసల్లో 3 నుంచి 5. ఎడమ రెక్క: 3 నుంచి 5 వరసల్లో 1, 2 చుక్కలు. 2, 3ల గ.సా.భా. 1 కాబట్టి ప్రతి రెక్కా లోపల ఒకే గీత. నడి చుక్క చుట్టూ ఒక సున్నా. మొత్తం 5 గీతలు. ఇప్పుడు నడి చుక్కకు పైన, కింద, కుడి, ఎడమ ఉన్న నాలుగు చోట్లా కత్తెర తెరవండి, అంటే అక్కడ అడ్డు తీసి గీతలను దాటనివ్వండి. ఆ నాలుగు పొరుగు చుక్కలూ నాలుగు వేరు రెక్కల్లో ఉన్నాయి, కాబట్టి తెరిచిన ప్రతిసారీ ఒక కొత్త రెక్క వచ్చి నడి గీతలో చేరుతుంది. నాలుగూ అయ్యేసరికి గీత ఒక్కటే.

అడ్డులు పడేది రెక్కకూ రెక్కకూ మధ్య:
1, 2 వరసల్లో 3వ, 4వ చుక్కల నడుమ.
4వ, 5వ చుక్కల దగ్గర 3వ, 4వ వరసల నడుమ.
4, 5 వరసల్లో 2వ, 3వ చుక్కల నడుమ.
1వ, 2వ చుక్కల దగ్గర 2వ, 3వ వరసల నడుమ.

మొత్తం 8 అడ్డులు, 32 కత్తెరలు. భుజం బేసి సంఖ్య అయితే చాలు, ఈ పద్ధతి ఎంత పెద్ద ముగ్గుకైనా పనిచేస్తుంది. 7×7 అంటే 1 + 4×(3×4). 15×15 అంటే 1 + 4×(7×8) = 225. రెక్క భుజాలు ఎప్పుడూ పక్కపక్క సంఖ్యలే, కాబట్టి లోపల గీత ఎప్పుడూ ఒక్కటే. 15×15కు అడ్డులు 28. కాకపోతే ఇది పావు చుట్టు తిప్పితేనే ఒకేలా ఉంటుంది, అద్దంలో పెడితే రెక్కలు ఎదురు తిరుగుతాయి.

ఓవర్సీరు
భౌతిక శాస్త్రవేత్త ఎస్. నారణన్ ఫిబొనాచ్చి సంఖ్యలతో (1, 2, 3, 5, 8, 13 ఇలా, ముందు రెండూ కూడితే తర్వాతది) కోలాలు, అంటే తమిళ ముగ్గులు, కట్టిన పద్ధతి కూడా ఈ కోవలోదే: 5² = 1² + 4×2×3, 8² = 2² + 4×3×5, 13² = 3² + 4×5×8. నడుమ 2×2 వచ్చినప్పుడు దానిలోనే రెండు గీతలుంటాయి, 3×3లో మూడు, కాబట్టి ముందు నడి ముక్క సంగతి చూసుకోవాలి. నడి చుక్క ఒక్కటే ఉంటే ఆ తలనొప్పి లేదు.

ముగ్గుల మీద పరిశోధన కొత్తదేమీ కాదు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1974లోనే కోలాలను కంప్యూటర్ శాస్త్రంలోని వ్యాకరణాలతో వర్ణించారు. అంగోలాలో చోక్వే ప్రజలు ఇసుకలో చుక్కలు పెట్టి గీసే సోనా బొమ్మలకూ ఇదే గ.సా.భా. సూత్రం. వాటి మీద మొజాంబిక్ గణితవేత్త పౌలస్ గెర్డెస్ చాలా రాశారు.

గ్రాఫులు చదివినవాళ్ళకు ఇంకో పరీక్ష. చుక్కలు శీర్షాలు, కత్తెర ఉన్న ప్రతి జతా ఒక అంచు. ఆ గ్రాఫుకు అన్ని చుక్కలనూ కలిపే చెట్లు బేసి సంఖ్యలో ఉంటేనే గీత ఒక్కటి. 2×2కు 4 చెట్లు, సరి, అందుకే ఒక గీత చాలదు. 2×3కు 15, బేసి, ఒకే గీత. చేత్తో లెక్కపెట్టే పని కాదులెండి, ప్రోగ్రాం రాసుకునేవాళ్ళ కోసం.

చుక్కలమ్మ
పత్రికల్లో వచ్చే 1-3-5-3-1 ఎదురు చుక్క (చుక్కకు ఎదురుగా చుక్క పెట్టే) ముగ్గుకు ఈ సూత్రం ఎలా పెట్టాలి? అది చతురస్రం కాదుగా.

గసాభా
కొసల్లో ఉన్న నాలుగు ఒంటరి చుక్కలనూ వేలితో మూసి చూడండి. మిగిలింది 3×3. కొస చుక్క ఒక్క కత్తెరతోనే లోపలి వాటికి అతుక్కుని ఉంటుంది, గీత దాని చుట్టూ ఒక చుట్టు తిరిగి అదే దారిన పోతుంది. గీతల సంఖ్య మారదు. కాబట్టి 3×3కు ఎన్నో దీనికీ అన్నే, 3. ఒకటి చెయ్యాలంటే అదే గాలిమర: నడి చుక్క, చుట్టూ నాలుగు 1×2 రెక్కలు, 4 అడ్డులు. 1-3-5-7-5-3-1కు మాత్రం కొసలు మూసినా చతురస్రం మిగలదు, మూలలు లేని 5×5 మిగులుతుంది. దానికి గ.సా.భా. పనికిరాదు. కాగితం మీద రంగులతో వెంబడించాల్సిందే.

చుక్కలు ఎన్ని పట్టాయో కూడా చెబుతాను, కొందరు వరసలు కూడుతూ కూర్చుంటారు. ఎదురు చుక్క 1 నుంచి 7 దాకా పోయి మళ్ళీ 1: 4² + 3² = 25. 15 దాకా: 8² + 7² = 113. సందు చుక్క (ఒక వరస చుక్కల సందుల్లో పక్క వరస చుక్కలు పెట్టేది) 15 నుంచి 8: 3×8×7 + 1 = 169. సందు చుక్క 8 నుంచి 1: 8² = 64.

చుక్కలమ్మ
సందు చుక్క మాట వచ్చింది కాబట్టి. 15 నుంచి 8 పెట్టి ఆరు రేకుల పువ్వు వేస్తే పై రేకులు సాగినట్టు, పక్క రేకులు పొట్టిగా వస్తాయి. చుక్కకూ చుక్కకూ, వరసకూ వరసకూ ఒకే కొలత పెట్టినా ఇలా ఎందుకు?

ఓవర్సీరు
ఒకే కొలత పెట్టడమే కారణం. సందు చుక్కలో మూడు పొరుగు చుక్కలు సమబాహు త్రిభుజం కావాలి. దాని ఎత్తు భుజంలో 0.866 వంతు. చుక్కల దూరం 4 సెం.మీ. అయితే వరసల దూరం 3.5 ఉండాలి. అక్కడ కూడా 4 పెడితే వాలు పొరుగు చుక్క 4.47 సెం.మీ. దూరాన పడుతుంది, పక్క చుక్క 4 లోనే ఉంటుంది. దాదాపు 12 శాతం తేడా, కంటికి వెంటనే తెలుస్తుంది. 15 వరసల ముగ్గుకు ఎత్తు 48.5 రావాల్సింది 56 అవుతుంది.

తేలిక గుర్తు: ఎనిమిదికి ఏడు. చుక్కల దూరం 8 అయితే వరస దూరం 7. స్కేలు లేకపోతే చుక్క దూరమంత పుల్లలు రెండు తీసుకుని, పక్కపక్క చుక్కల మీద చెరొక కొస పెట్టి, రెండో కొసలు కలిసే చోట పై చుక్క పెట్టండి. మొదటి రెండు వరసలకు చేస్తే చాలు, తర్వాత ఆ దూరాన్నే దారం మీద ముడి వేసి వాడుకోవచ్చు.

సందు చుక్క 8 నుంచి 1 ముగ్గుకు మాత్రం మీకేం కావాలో ముందే నిర్ణయించుకోండి. వరస దూరం చుక్క దూరంలో సగం పెడితే మూల మీద నిలబడ్డ అసలైన చతురస్రం వస్తుంది. 0.866 పెడితే నిలువుగా సాగిన వజ్రం వస్తుంది.

నెమలికన్ను
15×15 వేసే స్థలం 180 సెం.మీ. చతురం. చుక్కల దూరం 180/14 పెట్టొచ్చా?

ఓవర్సీరు
వద్దు, గీత గడప దాటుతుంది. చివరి చుక్క బయట కూడా గీత అర దూరం తిరుగుతుంది, రెండు వైపులా కలిపి ఒక దూరం. కాబట్టి 180/15 = 12 సెం.మీ. మొదటి చుక్క అంచు నుంచి 6 సెం.మీ. లోపల. ఇంకాస్త అంచు వదలాలంటే 11.5 పెట్టుకోండి.

చుక్కలు పెట్టే వరసలో జాగ్రత్త. ఒక మూల నుంచి మొదలుపెట్టి ప్రతి దూరంలో 2 మి.మీ. ఎక్కువ పెడుతూ పోతే 14 దూరాలకు 28 మి.మీ. అవుతుంది, చివరి వరస ఒరిగిపోతుంది. నడి చుక్క ముందు పెట్టి నాలుగు వైపులా పోతే అదే పొరపాటు 14 మి.మీ. దగ్గర ఆగుతుంది, పైగా రెండు పక్కలా సమానంగా పడుతుంది కాబట్టి కనబడదు. అడ్డం నడి వరసకూ నిలువు నడి వరసకూ మధ్య లంబకోణం చూసుకోవాలి: నడి చుక్క నుంచి ఒక వైపు 60, ఇంకో వైపు 80 సెం.మీ. దగ్గర గుర్తు పెడితే ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 100 రావాలి. 101 వచ్చిందంటే కోణం డిగ్రీకి పైగా విప్పారింది, ముగ్గు చివర సుమారు ఒకటిముప్పావు సెంటీమీటరు జరుగుతుంది.

పిండిజల్లెడ
పిండి ఎంత కావాలో ఎవరూ చెప్పలేదు. గసాభా గారి లెక్కనే వాడుకుంటే, చుక్క చుట్టూ ఉన్న 4 ముక్కల పొడవు చుక్క దూరానికి 2.83 రెట్లు. గుండ్రంగా తిప్పితే 3.14. సుమారుగా చుక్కకు మూడు దూరాలు అనుకోండి. అడ్డులు ఎన్ని వేసినా ఈ పొడవు పెద్దగా మారదు. 15×15, 12 సెం.మీ. అయితే 225×36 = 8100 సెం.మీ., 81 మీటర్లు.

పొడి గీత కోసి చూస్తే త్రిభుజం. 6 మి.మీ. వెడల్పు, పొడి నిలిచే వాలు 30 డిగ్రీలు అనుకుంటే ఎత్తు 1.7 మి.మీ., కోత వైశాల్యం 5 చదరపు మి.మీ. మీటరుకు 5 మి.లీ., అంటే మీటరుకు ఒక టీ చెంచా. 81 చెంచాలు, 400 మి.లీ. డబ్బా నిండా. ఇది పై హద్దే, చెయ్యి అలవాటున్నవాళ్ళ గీత ఇంకా పల్చగా ఉంటుంది.

గీత తెగిపోతూ వస్తే ముందు తేమను అనుమానించండి. రేణువుల మధ్య నీళ్ళు చేరితే ఉండలు కట్టి, ఒకచోట ముద్దగా, ఇంకోచోట ఖాళీగా పడుతుంది. పిండిని ఎండబెట్టి జల్లించాలి. ఉత్త బియ్యప్పిండి మరీ మెత్తన, వేళ్ళకు అంటుకుంటుంది, ముగ్గురాయి పొడి చక్కగా జారుతుంది. చీమలకు పెట్టాలనుకునేవాళ్ళు బియ్యప్పిండి కాస్త బరకగా పట్టించుకుంటే రెండు పనులూ అవుతాయి. వేళ్ళు నేలకు 2, 3 సెం.మీ. ఎత్తులో ఉండాలి. ఇంకా పైకెత్తితే గీత అంచులు చెదురుతాయి. కళ్ళాపి చల్లిన వెంటనే వేస్తే పొడి తడి పీల్చి మట్టి రంగుకు తిరుగుతుంది, నీరు ఇంకి పైన చెమ్మ మాత్రమే మిగిలినప్పుడు వెయ్యాలి.

తెనాలి తీగ
ముగ్గు గొట్టంతో మెలికలు వస్తాయా?

పిండిజల్లెడ
రావు. గొట్టానికి ఉన్న బెజ్జాల బొమ్మే దొర్లుతూ పడుతుంది. అంచుకు పట్టీ వెయ్యడానికే అది.

తెనాలి తీగ
గసాభా గారూ, గాలిమర 5×5 కాగితం మీద వచ్చింది, గీత ఒక్కటే. ఒక చిక్కు: 15×15లో రెక్కల మధ్య 7 అడ్డులు వరసగా పడి, పగులు విచ్చినట్టు నాలుగు చీలికలు కనబడుతున్నాయి. వాటిలో కొన్ని తెరవొచ్చా?

గసాభా
తెరవొచ్చు, కానీ గుడ్డిగా కాదు. ఇప్పుడు గీత ఒక్కటే కాబట్టి కొత్తగా తెరిచే ప్రతి కత్తెరా ఆ గీత తనను తాను దాటేదే. అది ఒక్కటిగానే ఉండిపోవచ్చు, రెండుగా చీలనూ వచ్చు. నాలుగు వైపులా ఒకేలా ఉండాలి కాబట్టి నాలుగేసి చొప్పున తెరిచి, ప్రతి జట్టు తర్వాతా గీతను మొదటి నుంచి వెంబడించండి. గళ్ళ కాగితం మీద పెన్సిలుతో చుక్కలు, అడ్డులు మాత్రం పెట్టుకుని, గీతకు రంగు పెన్ను వాడండి. కత్తెర దగ్గర నేరుగా పోవాలి, అడ్డు దగ్గర, అంచు దగ్గర మాత్రమే తిరగాలి. ఎక్కువమంది తప్పేది మూల చుక్క దగ్గర: చుట్టూ తిరిగి బయటికి రాగానే వచ్చిన కత్తెరలోంచే వెనక్కి పోతారు. మూలకు రెండు కత్తెరలు, ఒకదానిలోంచి వచ్చి రెండోదానిలోంచి పోవాలి. రంగు మూసుకున్నాక రంగు అంటని ముక్క ఒక్కటి కనబడినా ఆ జట్టు పనికిరాదు, ఇంకో జట్టు చూడండి.

నేల మీద వేసేటప్పుడు అడ్డు దగ్గర ఎదురెదురు వంపుల మధ్య గీత వెడల్పుకు రెట్టింపు ఖాళీ వదలండి, లేకపోతే పొడి జారి రెండూ అంటుకుని కత్తెరలా కనబడుతుంది. 12 సెం.మీ. దూరాల్లో ఇబ్బంది లేదు. 4 సెం.మీ. చుక్కలైతే గీతను 3 మి.మీ.కు తగ్గించాలి.

నెమలికన్ను
పోటీలో చెయ్యి ఎత్తకూడదంటే? చిటికెడు పిండి మీటరు కూడా రాదుగా.

పిండిజల్లెడ
పిండి అయిపోతే ఎత్తక తప్పదు. కత్తెర మీద ఎత్తకండి, అక్కడ అతుకు పడితే ఏ గీత ఎటు పోతుందో తెలియదు. రెండు కత్తెరల మధ్య ఉన్న వాలు ముక్కలో, గీత సన్నబడేలోపే ఆపి, కొత్త చిటికెను ఒక వేలెడు వెనక నుంచి మొదలుపెడితే అతుకు కనబడదు.